ముతవ్విఫ్, ముజవ్విర్: మక్కా, మదీనా పవిత్ర స్థలాల సందర్శనంలో మార్గదర్శి వ్యవస్థ - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

మక్కా, మదీనా నగరాలకు వెళ్లే యాత్రికులకు ఆరాధన విధులను నేర్పుతూ, ముహమ్మద్ ప్రవక్త జీవితంతో ముడిపడిన స్థలాలను చూపించే మార్గదర్శులు శతాబ్దాలుగా ఉన్నారు. మక్కాలో వీరిని ముతవ్విఫ్‌లని, మదీనాలో ముజవ్విర్‌లని పిలిచారు. ఈ వృత్తి రూపొందిన తీరును, దాని ఆర్థిక నిర్మాణాన్ని, 19, 20 శతాబ్దాలలో రాజ్యాధికారం దానిలో తెచ్చిన మార్పులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కట్టడాలు తొలగిపోయిన చోట స్థలస్మృతి మార్గదర్శి మాటలోకి చేరిందని, అందువల్ల మార్గదర్శికి అనుమతినిచ్చే అధికారమే ఆ స్మృతికి హద్దులు గీసే అధికారంగా మారిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హజ్, జియారత్, ముతవ్విఫ్, ముజవ్విర్, జన్నతుల్ బఖీ, రుబాత్, స్థలస్మృతి

1. ఉపోద్ఘాతం

యాత్రల చరిత్ర సాధారణంగా పవిత్ర స్థలాన్ని, యాత్రికుణ్ణి కేంద్రంగా చేసుకొని సాగుతుంది. ఈ ఇద్దరి మధ్య నిలిచి, దారి చూపి, మంత్రం చెప్పి, బస ఏర్పాటు చేసి, కథ వినిపించే మూడవ వ్యక్తికి అందులో దక్కే చోటు స్వల్పం. తెలుగు పాఠకులకు ఈ మూడవ వ్యక్తి కొత్తవాడు కాడు. కాశీ, గయ, ప్రయాగలలో ఒక్కొక్క ప్రాంతపు యాత్రికులకు వంశపారంపర్యంగా తీర్థపురోహితులు ఉండేవారు. 1830-31లో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య తన గ్రంథంలో గయావళులను, యాత్రికుల నుంచి కంపెనీ ప్రభుత్వం వసూలు చేసిన పన్నును ప్రస్తావించారు. యాత్ర వెనుక ఉన్న ఆర్థిక వ్యవస్థను అర్థం చేసుకోవడానికి అటువంటి వివరాలే నేటికీ ఆధారం.

మక్కా, మదీనా నగరాలలో ఇటువంటి పాత్రనే ముతవ్విఫ్, ముజవ్విర్ నిర్వహించారు. 'తవాఫ్' అంటే కాబా చుట్టూ చేసే ప్రదక్షిణం. దానిని చేయించేవాడు ముతవ్విఫ్. 'జియారత్' అంటే సందర్శనం. దానిని చేయించేవాడు ముజవ్విర్. భారతీయ యాత్రికుల వ్యవహారంలో మక్కా మార్గదర్శికి 'ముఅల్లిం', అనగా బోధకుడు, అనే పేరు స్థిరపడింది. ఈ మూడు పేర్లూ అతని పనిలోని మూడు పార్శ్వాలను సూచిస్తాయి: క్రియ చేయించడం, స్థలం చూపించడం, బోధించడం.

2. హజ్, జియారత్: భేదం, వివాదం

ఈ వృత్తి చరిత్రను గ్రహించడానికి హజ్‌కూ జియారత్‌కూ గల భేదం తెలియాలి. శక్తి గల ప్రతి ముస్లిం జీవితంలో ఒకసారి నెరవేర్చవలసిన విధి హజ్. దానికి నిర్ణీత మాసం, నిర్ణీత దినాలు, నిర్ణీత స్థలాలు ఉన్నాయి. కాబా, సఫా-మర్వా, మినా, అరఫాత్, ముజ్దలిఫా ఆ స్థలాలు. హిరా గుహ, సౌర్ గుహ, ప్రవక్త జన్మించిన ఇల్లు, ఖదీజా నివసించిన ఇల్లు, ముఅల్లా శ్మశానం, మదీనాలోని బఖీ శ్మశానం, ఉహుద్ యుద్ధభూమి, ఖుబా మసీదు, రెండు ఖిబ్లాల మసీదు వంటివి హజ్ విధులలో భాగం కావు. వాటిని చూడకపోయినా హజ్ పూర్తవుతుంది. అయినా దూరదేశాల నుంచి నెలల తరబడి ప్రయాణం చేసి వచ్చిన యాత్రికుడు వాటిని చూడకుండా తిరిగి వెళ్లడం అరుదు.

విధికి, ప్రీతికి మధ్య ఉన్న ఈ ఖాళీయే వివాదానికి తావిచ్చింది. మూడు మసీదులకు తప్ప మరే స్థలం కోసమూ ప్రయాణం కట్టవద్దనే ప్రవక్త ప్రవచనాన్ని ఆధారంగా చేసుకొని, సమాధి సందర్శనమే లక్ష్యంగా ప్రయాణించడం సమ్మతం కాదని ఇబ్న్ తైమియా వాదించాడు. ఈ అభిప్రాయం కారణంగా 1326లో డమాస్కస్‌లో నిర్బంధానికి గురై, 1328లో ఆ నిర్బంధంలోనే మరణించాడు. అతని వాదాన్ని ఖండిస్తూ తఖీయుద్దీన్ సుబ్కీ ప్రత్యేక గ్రంథం రాశాడు. నాటి రాజ్యం, నాటి పండితులలో అధికసంఖ్యాకులు సందర్శనాన్ని సమర్థించినవారే. నాలుగు శతాబ్దాల తరువాత అరేబియాలో రాజ్యాధికారం ఇబ్న్ తైమియా వాదాన్ని స్వీకరించినవారి చేతికి వచ్చినప్పుడు ఈ పాత వాదం కట్టడాల భవితవ్యాన్ని నిర్ణయించింది. మార్గదర్శి ఈ వివాదానికి సరిగ్గా నడుమ నిలిచాడు.

3. సందర్శనీయ స్థలాల పట్టిక ఏర్పడిన క్రమం

ఏ స్థలాన్ని చూడాలో, అక్కడ ఏమి జరిగిందో చెప్పే సంప్రదాయం చాలా ప్రాచీనం. క్రీ.శ. 9వ శతాబ్దికి చెందిన అజ్రఖీ రచించిన మక్కా చరిత్ర, ప్రార్థన చేయదగిన స్థలాలను వరుసగా పేర్కొంటుంది. అబ్బాసీ ఖలీఫా హారూన్ అల్ రషీద్ తల్లి ఖైజురాన్ ప్రవక్త జన్మగృహాన్ని మసీదుగా మార్పించిందని ఆ సంప్రదాయం చెబుతుంది. ఆమె 789లో మరణించింది. కనుక ప్రవక్త తరువాత రెండు శతాబ్దాలు గడవకముందే ఒక నివాసగృహం సందర్శనీయ స్థలంగా రూపాంతరం చెందిందన్నమాట. ఈ మార్పులో రాజకుటుంబపు స్త్రీ పాత్ర గమనార్హం.

అందలూసియా యాత్రికుడు ఇబ్న్ జుబైర్ 1183-84లో మక్కాలో నివసించాడు. జన్మగృహాన్ని రబీఉల్ అవ్వల్ మాసంలో సోమవారాలలో ప్రజల కోసం తెరిచేవారని అతడు నమోదు చేశాడు. స్థలానికి ఒక దినం, ఒక మాసం, ఒక ప్రవేశ నియమం అప్పటికే ఏర్పడ్డాయి. మదీనా విషయంలో 1506లో మరణించిన సమ్‌హూదీ గ్రంథం ముఖ్యమైనది. 1481లో ప్రవక్త మసీదు అగ్నికి ఆహుతై, మమ్లూక్ సుల్తాన్ ఖాయిత్‌బే దానిని పునర్నిర్మించిన కాలానికి సమ్‌హూదీ సమకాలికుడు. కట్టడం మారుతున్న సమయంలోనే దాని చరిత్రను అక్షరబద్ధం చేయవలసిన అవసరం తలెత్తిందనడానికి ఆ గ్రంథం నిదర్శనం.

16వ శతాబ్ది ఆరంభంలో ముహియుద్దీన్ లారీ పారశీక పద్యాలలో 'ఫుతూహుల్ హరమైన్' అనే యాత్రాదర్శిని రచించి గుజరాత్ సుల్తాన్ ముజఫ్ఫర్ షాకు అంకితమిచ్చాడు. దీని రాతప్రతులలో స్థలాల చిత్రాలు కూడా ఉన్నాయి. క్రియావిధులను, స్థలవర్ణనను, చిత్రాన్ని ఒకచోట చేర్చిన ఈ గ్రంథాన్ని ముద్రణకు ముందటి కాలపు మార్గదర్శి పుస్తకంగా పరిగణించవచ్చు. అరబ్బీ రానివారికి మార్గదర్శనం అవసరమన్న గుర్తింపు ఇందులో స్పష్టం.

4. వృత్తి నిర్మాణం: హక్కు, ఆదాయం, మాట

పుస్తకం ఎంత వివరంగా ఉన్నా దానిని చదవలేనివారే యాత్రికులలో ఎక్కువమంది. వారి కోసం మనిషి కావాలి. సుల్తాన్ ఖాయిత్‌బే 1480లో హజ్‌కు వచ్చినప్పుడు మక్కా న్యాయాధికారి ఇబ్రాహీం ఇబ్న్ జహీరా అతని ముందు నడుస్తూ ప్రార్థనావాక్యాలు చెప్పాడని, ముతవ్విఫ్ వృత్తికి అదే ఆరంభమని మక్కా సంప్రదాయం. ఒక వృత్తి తన మూలాన్ని రాజసేవలో వెతుక్కోవడం సహజమే. అయితే ఈ కథనంలో వృత్తి సారం కూడా ఉంది: అరబ్బీ మాటను ముందు ఒకరు పలకాలి, వెనుక మరొకరు దానిని పలకాలి.

ఒట్టోమన్ కాలానికి ఈ వ్యవస్థ నాలుగు అంగాలుగా విస్తరించింది. జిద్దా రేవులో యాత్రికుణ్ణి అందుకొనేవాడు వకీల్. మక్కాలో బస, తవాఫ్, అరఫాత్ ప్రయాణం చూసేవాడు ముతవ్విఫ్. జమ్‌జమ్ జలం అందించేవాడు జమ్‌జమీ. మదీనాలో సందర్శనం చేయించేవాడు ముజవ్విర్. ముతవ్విఫ్‌కు మక్కా షరీఫ్ 'తఖ్రీర్' అనే అనుమతిపత్రం ఇచ్చేవాడు. ఫలానా దేశపు, ఫలానా ప్రాంతపు యాత్రికులు ఫలానా ముతవ్విఫ్‌కే చెందుతారని ఆ పత్రం నిర్ణయించేది. దాని కోసం షరీఫ్‌కు ముట్టజెప్పే సొమ్ము చివరకు యాత్రికుని మీదనే పడేది. ముతవ్విఫ్‌లు తమ ప్రతినిధులను భారతదేశానికి, జావాకు పంపి యాత్రికులను కూడగట్టేవారు. తండ్రి నుంచి పిల్లలకు సంక్రమించే ఆస్తిగా ఈ హక్కు స్థిరపడింది.

19వ శతాబ్దిలో ఈ వృత్తిని వర్ణించిన ఐరోపా రచనలలో మూడు ముఖ్యమైనవి. 1814-15లో మక్కా, మదీనా నగరాలలో గడిపిన బర్క్‌హార్ట్ మార్గదర్శుల ధనాశను విస్తారంగా వర్ణించాడు. 1853లో భారతదేశం నుంచి వచ్చిన పఠాన్ వైద్యునిగా వేషం వేసుకొని వెళ్లిన రిచర్డ్ బర్టన్, మదీనాలో తన ఆతిథేయి అయిన ముజవ్విర్ వెంట ప్రవక్త మసీదును, బఖీని, ఖుబాను, ఉహుద్‌ను చూశాడు. ముజవ్విర్ పలికిన వాక్యాలను తాను తిరిగి పలికిన తీరును, అడుగడుగునా చెల్లించిన కానుకలను వివరించాడు. 1885లో మక్కాలో కొన్ని నెలలు నివసించిన డచ్చి పండితుడు స్నూక్ హుర్‌గ్రోన్యె ముతవ్విఫ్‌ల సంఘనిర్మాణాన్ని, వారిపై ఉండే పెద్దలను, దేశాలవారీ విభజనను విశ్లేషించాడు.

ఈ ముగ్గురి రచనలు అమూల్యమైన ఆధారాలే అయినా వాటిని యథాతథంగా స్వీకరించడానికి వీలులేదు. బర్టన్, బర్క్‌హార్ట్ చెల్లింపులను లెక్కించారు. స్నూక్, తమ ప్రజల హజ్ యాత్రను అనుమానంతో చూసే వలసరాజ్యానికి సలహాదారు అయ్యాడు. మార్గదర్శిని దోపిడీదారుగా చూపడం వలసపాలకులకు అనుకూలించింది. యాత్రికుణ్ణి కాపాడే బాధ్యత తమదేనని చెప్పుకోవడానికి అది దోహదం చేసింది. దోపిడీ జరగలేదని దీని అర్థం కాదు. భాష తెలియని ఊరిలో, వ్యాధి, దారిదోపిడీ పొంచి ఉన్న దారిలో, మరణిస్తే అంత్యక్రియలు జరిపించేవరకూ యాత్రికునికి ఉన్న ఏకైక ఆధారం కూడా ఆ మార్గదర్శియే అన్న సంగతి ఆ రచనలలో వెనుకబడింది.

5. హైదరాబాదు, తెలుగు యాత్రికులు

బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం యాత్రికుల రవాణాను క్రమబద్ధం చేసే ఉద్దేశంతో 1886లో థామస్ కుక్ సంస్థను ఏజెంటుగా నియమించింది. కొన్నేళ్లకు ఆ ఏర్పాటు ముగిసింది. టిక్కెట్టు, రైలు, ఓడ వంటి వాటిని ఒక వ్యాపారసంస్థ సమకూర్చగలిగినా, జిద్దా రేవు దాటిన తరువాత యాత్ర ముతవ్విఫ్ చేతిలోనే ఉండేది. 1932లో వచ్చిన పోర్ట్ హజ్ కమిటీల చట్టం కూడా ప్రధానంగా రేవుల వరకే పరిమితమైంది.

హైదరాబాదు సంస్థానం ఈ విషయంలో వేరొక మార్గం అనుసరించింది. నిజాం ప్రభువుల కాలంలో మక్కా, మదీనాలలో సంస్థానపు యాత్రికుల కోసం రుబాత్‌లు, అనగా ఉచిత వసతిగృహాలు, ఏర్పడ్డాయి. ముతవ్విఫ్ ఆదాయంలో బస ఒక ముఖ్యభాగం. యాత్రికునికి సొంత ప్రాంతపు వసతిగృహం ఉండటం వల్ల ఆ మేరకు అతని ఆధారపడటం తగ్గింది. సంస్థానం అంతరించినా ఈ సదుపాయం పూర్వ హైదరాబాదు రాజ్యానికి చెందిన తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల యాత్రికులకే కొనసాగడం విశేషం. 1948లో కనుమరుగైన ఒక రాజకీయ సరిహద్దు మక్కాలోని ఒక వసతిగృహపు ప్రవేశనియమంగా బతికి ఉంది. మసీదు విస్తరణల మూలంగా ఈ ఆస్తులలో కొన్ని కనుమరుగయ్యాయి.

భాష మరొక అంశం. భారతీయులకు కేటాయించిన ముఅల్లింలు, వారి సహాయకులు ఉర్దూలో వ్యవహరించేవారు. హైదరాబాదు యాత్రికులకు ఇది ఇబ్బంది కాలేదు. కోస్తా, రాయలసీమ ప్రాంతాలలో తెలుగే మాతృభాషగా గల దూదేకుల ముస్లింల వంటి సమూహాలకు మాత్రం స్థలకథనం రెండు భాషలు దాటి రావలసివచ్చింది. అరబ్బీ మూలం ఉర్దూలోకి మారి, ఊరికి తిరిగివచ్చిన హాజీ నోట తెలుగు కథగా మారింది.

6. కట్టడాలు కూలిన కాలం

సౌదీ కుటుంబం, ముహమ్మద్ ఇబ్న్ అబ్దుల్ వహ్హాబ్ అనుయాయులు కలిసి నెలకొల్పిన తొలి రాజ్యం 1803లో మక్కాను, 1805లో మదీనాను ఆక్రమించింది. సమాధులపై గుమ్మటాలు కట్టడం ఏకేశ్వరారాధనకు విరుద్ధమనే విశ్వాసంతో వాటిని కూలగొట్టింది. ఒట్టోమన్ సుల్తాన్ తరఫున ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ సైన్యం ఆ నగరాలను తిరిగి స్వాధీనం చేసుకున్నాక పునర్నిర్మాణం మొదలైంది. ప్రవక్త జన్మస్థలంపై కట్టడాన్ని మళ్లీ నిర్మిస్తుండగా బర్క్‌హార్ట్ చూశాడు. 1853లో బర్టన్ చూసిన బఖీ గుమ్మటాలు కూడా ఈ పునర్నిర్మాణ ఫలితాలే.

అబ్దుల్ అజీజ్ ఇబ్న్ సౌద్ సేనలు 1924లో మక్కాను, 1925 డిసెంబరులో మదీనాను వశపరచుకున్నాయి. ముఅల్లాలోని ఖదీజా సమాధి గుమ్మటం, ప్రవక్త జన్మస్థలంపై ఉన్న కట్టడం నేలమట్టమయ్యాయి. 1926 ఏప్రిల్‌లో బఖీలోని గుమ్మటాలను కూల్చారు. ఆ కాలంలో యాత్ర చేసిన ఎల్డన్ రట్టర్ అనే ఆంగ్ల ముస్లిం 1928లో ప్రచురించిన గ్రంథంలో శిథిలమైన బఖీ దృశ్యం నమోదైంది. భారతదేశంలో ఈ వార్త తీవ్ర సంచలనం కలిగించింది. 1926 వేసవిలో మక్కాలో జరిగిన ప్రపంచ ముస్లిం మహాసభకు ఖిలాఫత్ కమిటీ పక్షాన ముహమ్మద్ అలీ, షౌకత్ అలీ సోదరులు, సులైమాన్ నద్వీ హాజరయ్యారు. పవిత్ర నగరాలు ఒక రాజువా, ప్రపంచ ముస్లింలందరివా అన్న ప్రశ్న అక్కడ చర్చకు వచ్చింది. సమాధుల విషయంలో భారతీయ ప్రతినిధుల అసమ్మతి ఫలించలేదు.

7. కట్టడం స్థానంలో మాట

1926 తరువాత ముజవ్విర్ వృత్తి స్వభావమే మారిపోయింది. అంతకుముందు గుమ్మటం, తెర, దీపం, కాపలాదారు కలిసి స్థలాన్ని గుర్తుపట్టేలా చేసేవి. మార్గదర్శి మాట వాటికి తోడుగా ఉండేది. ఇప్పుడు బఖీలో యాత్రికుని ఎదుట మిగిలినవి పేర్లు లేని రాళ్లు. ఏ రాయి ఎవరి సమాధిని సూచిస్తుందో చెప్పగలిగేది మార్గదర్శి జ్ఞాపకం, యాత్రికుడు తెచ్చుకున్న పుస్తకం మాత్రమే. చూపుడువేలే శాసనఫలకం అయింది.

ఆ చూపుడువేలికి కూడా నియంత్రణ వచ్చింది. సందర్శన సమయంలో ఏమి పలకవచ్చు, సమాధివైపు తిరిగి ప్రార్థించవచ్చునా, గోడను తాకవచ్చునా అన్న విషయాలపై ధర్మపర్యవేక్షకుల దృష్టి మార్గదర్శిపై పడింది. అధికారిక అభిప్రాయానికీ, యాత్రికుని ఆకాంక్షకూ మధ్య సమన్వయం చేయడం అతని నిత్యకృత్యమైంది. ఈ సమన్వయానికి ఒక ఉదాహరణ ప్రవక్త జన్మస్థలమే. కూల్చివేత తరువాత ఖాళీగా ఉన్న ఆ స్థలంలో 1950ల ఆరంభంలో మక్కా నగరపాలకుడు అబ్బాస్ ఖత్తాన్ చొరవతో గ్రంథాలయం నిర్మితమైంది. ఆ కట్టడం జన్మస్థలాన్ని స్మారకంగా ప్రకటించదు, వేరొక కట్టడం కిందికి పోనివ్వదు. అది ఏ స్థలమో యాత్రికునికి తెలిసేది ప్రధానంగా మార్గదర్శి మాట వల్లనే.

ఖదీజా గృహం విషయంలో అటువంటి మధ్యేమార్గం లభించలేదు. మసీదు విస్తరణ సందర్భంగా 1989లో వాస్తుశిల్పి సామీ అంగావీ ఆధ్వర్యంలో అక్కడ తవ్వకాలు జరిగి, అవశేషాలు నమోదైన తరువాత వాటిని ఇసుకతో పూడ్చివేశారు. తొలి కూల్చివేతలకు మతవాదం ప్రధాన కారణం కాగా, 20వ శతాబ్ది చివరి మార్పులకు నగర విస్తరణ, పెరిగిన జనసంఖ్య, భూమి విలువ కూడా కారణాలయ్యాయి. 2002లో మక్కాలోని ఒట్టోమన్ కాలపు అజ్యాద్ కోట కూల్చివేతపై తుర్కియే నిరసన తెలిపింది. ఆ స్థలంలో ఎత్తైన హోటళ్ల సముదాయం వెలసింది.

8. వంశవృత్తి నుంచి ప్రైవేటు సేవ వరకు

చమురు ఆదాయం పెరగడంతో సౌదీ ప్రభుత్వం 1952లో యాత్రికుల పన్నును రద్దుచేసింది. యాత్రికుల సొమ్ముపై రాజ్యం ఆధారపడటం తగ్గిన కొద్దీ ముతవ్విఫ్ కుటుంబాల బేరసారాల శక్తి కూడా తగ్గింది. 1970ల చివరి నుంచి 1980ల మధ్యకాలం వరకు ప్రభుత్వం విడివిడి ముతవ్విఫ్‌లను ఆరు ప్రాంతీయ సంస్థలుగా కూర్చింది. దక్షిణాసియా యాత్రికులకు వాటిలో ఒకటి. మదీనాలో మార్గదర్శులకు, జిద్దాలో వకీళ్లకు, జమ్‌జమీలకు వేర్వేరు సంస్థలు ఏర్పడ్డాయి. వంశహక్కు వాటాగా మారింది. కుమార్తెలకు కూడా ఆ వాటా సంక్రమించడంతో ముతవ్విఫ్ కుటుంబాల స్త్రీలు ఈ వ్యవస్థలో భాగస్వాములయ్యారు. ఇటీవలి సంవత్సరాలలో ఈ సంస్థలు వాటాదారుల కంపెనీలుగా పరివర్తన చెందాయి.

సంస్థలు బస, గుడారం, బస్సు వంటి సామూహిక ఏర్పాట్లపై దృష్టి పెట్టాయి. 2023లో హజ్ చేసినవారు సుమారు 18 లక్షలు. ఇంత పెద్ద సమూహంలో ఒక కుటుంబం పక్కన నిలిచి స్థలకథ చెప్పే అవకాశం సంస్థాగత మార్గదర్శికి లేదు. ఆ ఖాళీని ప్రైవేటు సందర్శనాలు నింపుతున్నాయి. ఉమ్రా యాత్రికులు కారు లేదా చిన్న వ్యాను కుదుర్చుకొని, డ్రైవరు లేదా ప్రత్యేక మార్గదర్శి వెంట ఒక పూటలో హిరా, సౌర్ కొండలు, అరఫాత్, మినా చూస్తారు. మదీనాలో ఖుబా, రెండు ఖిబ్లాల మసీదు, ఉహుద్, కందక యుద్ధస్థలం చూస్తారు. హైదరాబాదు నుంచి బృందాలను తీసుకువెళ్లే నిర్వాహకులు సైతం 'జియారత్'ను యాత్రలో ఒక అంశంగా చేరుస్తారు. హజ్ కమిటీ ద్వారా వెళ్లే భారతీయుల చెల్లింపులలో 'ముఅల్లిం రుసుము' అనే పేరు కొనసాగింది. పేరు పాతదే, పని మాత్రం చేతులు మారింది.

ఈ ప్రైవేటు సందర్శనంలో పాత వృత్తిలోని ఒక గుణం, ఒక దోషం రెండూ తిరిగి వచ్చాయి. యాత్రికుని భాషలో, అతని ఊరివాడే కథ చెప్పడం గుణం. చెప్పే కథకు ప్రమాణం లేకపోవడం దోషం. హిరా కొండ వద్ద, దానిని ఎక్కడం ప్రవక్త నిర్దేశించిన ఆచారం కాదని హెచ్చరించే ఫలకాలు చాలాకాలంగా ఉన్నాయి. అదే కొండ పాదం వద్ద 2023లో హిరా సాంస్కృతిక ప్రాంగణం ప్రారంభమైంది. 2016లో ప్రకటించిన విజన్ 2030 ప్రణాళిక యాత్రికులకు చారిత్రక స్థలాలను చూపడాన్ని ఆర్థిక లక్ష్యంగా స్వీకరించింది. ఒకప్పుడు నిరుత్సాహపరిచిన సందర్శనాన్ని నేడు రాజ్యమే నిర్వహిస్తున్నది. రెండు దశలలోనూ స్థలానికి అర్థం చెప్పే హక్కును రాజ్యం వదులుకోలేదు.

9. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, మక్కా, మదీనా స్థలచరిత్రను కేవలం వాస్తుచరిత్రగా రాయడం అసంపూర్ణం. కట్టడం రెండుసార్లు కూలిన చోట కూడా సందర్శనం ఆగలేదు. దానికి కారణం మార్గదర్శి మాట. రెండవది, తఖ్రీర్ ఇచ్చిన షరీఫ్ నుంచి కంపెనీలకు అనుమతినిచ్చే నేటి మంత్రిత్వశాఖ వరకు ప్రతి అధికారమూ మార్గదర్శిని అదుపు చేయడం ద్వారానే స్మృతిని అదుపు చేసింది. మూడవది, మార్గదర్శి గురించి తెలిసినదంతా ప్రధానంగా అతనిపై ఫిర్యాదు చేసినవారి రాతల ద్వారానే తెలిసింది.

ఈ మూడవ లోటును పూరించే అవకాశం తెలుగు ప్రాంతాలలో కూడా ఉంది. ఓడలో వెళ్లి, ముఅల్లిం ఇంట బస చేసి, సంస్థలు ఏర్పడకముందు ఆయన నోట స్థలకథలు విన్న తరంలో ఇక కొద్దిమంది వృద్ధులే మిగిలి ఉంటారు. హైదరాబాదు, కర్నూలు, కడప, గుంటూరు వంటి పట్టణాలలో హాజీల కుటుంబాలు భద్రపరచిన ఉత్తరాలు, రసీదులు, ఉర్దూ యాత్రాదర్శినులు, తెలుగులో తిరిగి చెప్పుకొన్న కథలు సేకరణకు అర్హమైనవి. నేడు నేలపై లేని కట్టడాలను గురించిన సాక్ష్యం వాటిలో ఉండవచ్చు. ఆ వృద్ధులు ఉన్నప్పుడే విశ్వవిద్యాలయాల చరిత్ర, జానపద విజ్ఞాన శాఖలు ఆ పనికి పూనుకోవలసి ఉంది.